పదో మిషన్

సంచి ఎప్పుడో నిండిపోయింది. అయినా లీడరమ్మ దాని మూతి రెండు చేతులా సాగదీసి ఇంకో తువ్వాలు లోపలికి కుక్కింది.

"అక్కా, అది సంచి. బీరువా కాదు," అంది కత్తెర. గడప మీద కూర్చుని జడ అల్లుకుంటోంది. "నలభై ఐదు రోజులకి వెళ్తున్నా. నువ్వేమో నన్ను ఏకంగా కాపురానికి పంపుతున్నట్టు సర్దుతున్నావు."

"కొండ ఊళ్ళంటున్నారు. అక్కడ చలో, వానో ఎవరు చూడొచ్చారు? ఒకటి తడిస్తే ఇంకోటి ఉండొద్దూ?"

"తడిస్తే పిండుకుని ఆరేసుకుంటా. నాకేం చేతుల్లేవా?"

"ఉన్నాయిలే. ఆ చేతుల్ని చూసేగా పంపుతున్నారు."

రెండు జతల బట్టలు, సబ్బు పెట్టె, దువ్వెన, టార్చి, తలనొప్పి మాత్రలు, సూదుల పొట్లం, కొలత టేపు. అన్నీ సర్దాక కూడా లీడరమ్మ కళ్ళు ఇల్లంతా తిరుగుతున్నాయి, ఏదో మరిచిపోయామని. ఎవరైనా ఊరికి బయలుదేరుతుంటే ఆమెకి కాలు నిలవదు. పక్కూరికైనా అంతే. గోధుమరంగు కాగితంతో కోసిన చొక్కా నమూనాలు కనపడగానే వాటిని మడవబోయింది.

"అయ్యో, మడవకు!" కత్తెర జడ సగంలో వదిలేసి లేచింది. "మడత పడితే చంక దగ్గర కొలత తప్పుతుంది. ఇలా తే." నమూనాలను చాపలా చుట్టి దారంతో వదులుగా కట్టింది. చేతి కత్తెరని మాత్రం పాత గుడ్డలో చుట్టి తన ఒడిలో పెట్టుకుంది. దాన్ని ఎవరికీ ఇవ్వదు.

ఇద్దరూ ఒకే ఇంటికి వచ్చిన తోడికోడళ్ళు. గదులు రెండు, వసారా ఒకటి. చిన్నావిడ భర్త పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. గుడ్డ పరవగానే ఎన్ని చొక్కాలు తెగుతాయో కంటితోనే చెప్పేస్తుంది కనక సంఘంలో ఆమెకి కత్తెర అని పేరు పడిపోయింది. పెద్దావిడ సంఘానికి లీడరు. సంతకం పెట్టాల్సిన చోట పెడుతుంది, మాట్లాడాల్సిన చోట మాట్లాడుతుంది, ఇంటికొచ్చాక సరిగ్గా మాట్లాడానా లేదా అని భయపడుతుంది.

పదిమంది ఆడవాళ్ళ సంఘం అది. బడిపిల్లల యూనిఫాం కుట్టే పని సర్కారు ఇలాంటి సంఘాలకే అప్పగించింది. పాత గిడ్డంగి గదిలో నాలుగు తొక్కుడు మిషన్లు, అవీ వంతుల మీద. కత్తెరకి ఆ వంతు కూడా సరిగా వచ్చేది కాదు. ఆమె కోస్తేనే మిగతావాళ్ళు కుట్టగలరు మరి. రోజంతా నేల మీద మోకాళ్ళేసుకుని పన్నెండు మడతల గుడ్డ కోసేది. తన కుట్టు కుట్టుకుందామంటే అందరూ లేచి ఇళ్ళకి పోయాకే. ఈ ఏడు మనిషికొక కరెంటు మిషన్ ఇస్తామని పైనుంచి కబురొచ్చింది. రెండు నెలలు పడుతుందన్నారు. ఈలోగా కొండ ఊళ్ళలో కొత్తగా పెట్టిన సంఘాలకి కటింగ్ నేర్పడానికి ఒక మనిషిని పంపమన్నారు. ఆ మనిషి ఎవరన్నదాని మీద సంఘంలో చర్చే జరగలేదు.

బస్సు దగ్గర కత్తెర సంచి పైకెక్కించి, కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అక్కా, మిషన్లు నేనొచ్చాకే వస్తాయి. ఒకవేళ ముందొస్తే నాది కిటికీ పక్కన వేయించు."

"రానీ ముందు."

"వస్తాయి. పదిమందిమి, పది మిషన్లు. ఇందులో అర్థంకానిదేముంది?" నవ్వింది. "ఆరేళ్ళుగా నేలమీద పాకుతున్నానక్కా. నడుం నాది కాదు. నాదంటూ ఒక మిషన్ ముందు కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి ఒక్కసారి."

"కాలు మీద కాలేసుకుంటే మిషన్ ఎవరు నడుపుతారు?"

"కరెంటు."

బస్సు కదిలింది. లీడరమ్మ అది మలుపు తిరిగేదాకా చూసి, మలుపు తిరిగాక కూడా కాసేపు నిలబడింది.

*

కత్తెర వెళ్ళిన ఇరవయ్యో రోజున, ఎవరూ అనుకోనప్పుడు, గిడ్డంగి ముందు లారీ ఆగింది. పై అధికారి ఎవరో పర్యటనకి వస్తున్నాడట. ఆయన వచ్చేసరికి మిషన్ల ముందు ఆడవాళ్ళు కనపడాలట. లారీతోపాటు ఫోనమ్మాయి దిగింది. సంఘాల పని చూడటానికి సర్కారు పెట్టిన పిల్ల. కళ్ళు ఎప్పుడూ ఫోన్లోనే ఉంటాయని ఆ పేరు. ఆ రోజుకి అది ఆమె చూడాల్సిన నాలుగో సంఘం. ఇంకా రెండున్నాయి.

అట్టపెట్టెలు విప్పుతుంటే గదంతా కొత్త నూనె వాసన. ఆడవాళ్ళు తెల్ల నురగబెండు ముక్కలు ఏరి పారేస్తూ, మిషన్ తల మీద చెయ్యి వేసి, పసిపిల్ల తల తడిమినట్టు తడిమారు.

"తొక్కక్కర్లేదంటే నా కాళ్ళకేం పని?" అంది గుండీలామె. సంఘంలో గుండీలు కుట్టే పని ఆమెది, సూది కన్నా నోరు వాడి.

"ఇంటికి నడిచి పోవడానికి ఉంచుకో," అంది లీడరమ్మ. అందరూ నవ్వారు. లీడరమ్మ పదో పెట్టెని తన చేతులతోనే కిటికీ పక్కకి జరిపించింది.

"పదిమందీ మీ మీ మిషన్ల ముందు కూర్చోండి, ఫోటో తీయాలి," అంది ఫోనమ్మాయి. తలెత్తి లెక్కపెట్టింది. "తొమ్మిదే ఉన్నారు. పదో ఆవిడేరీ?"

"కొండ ఊళ్ళకి మీరేగా పంపారు తల్లీ, నేర్పడానికి."

"నేను పంపలేదమ్మా, ఆ విభాగం వేరు. నా ఫోన్లో పదిమంది ఫోటోలూ ఇవాళే పడాలి. మనిషి లేకపోతే పెట్టె వెనక్కి లారీ ఎక్కాలి. నా చేతుల్లో లేదు."

లీడరమ్మ కత్తెరకి ఫోన్ చేసింది. అందుబాటులో లేదంది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. బయట లారీ డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

ఫోటో విషయంలో ఆ సంఘానికి ఒక అలవాటుంది. పథకం మారినప్పుడల్లా ఫోటో ఉంటుంది, ఫోటో ఉన్నప్పుడల్లా ఎవరో ఒకరు ఉండరు. ఒకసారి ఒకావిడ కాన్పుకి పోతే ఆమె చెల్లెలు నిలబడింది. ఇంకోసారి రోడ్డున పోతున్న బడి ఆయాని లాక్కొచ్చి వెనక వరసలో కలిపేశారు. రిజిస్టర్లో ఎన్ని పేర్లుంటే ఫోటోలో అన్ని తలలుండాలి. ఏ తల ఎవరిదని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అప్పుడే లీడరమ్మ కూతురు టీ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. పరీక్ష తప్పి చదువు మానేసి రెండేళ్ళయింది. అప్పటినుంచి ఇంట్లో గోడలకి ఆనుకుని తిరుగుతోంది తప్ప పది మాటలు కలిపి మాట్లాడింది లేదు.

"ఇదిగో, పదో తల," అంది గుండీలామె. "పిల్లని కూర్చోబెట్టు లీడరమ్మా. ఫోటోయేగా."

"కూర్చోవే, ఒక్క నిమిషం," అంది లీడరమ్మ. ఫ్లాస్కు తను అందుకుంది.

కానీ ఈసారి గుంపు ఫోటో కాదు. ఫోనమ్మాయి ఒక్కొక్కరి ముందూ ఆగి, ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టి, కళ్ళు ఆర్పండి అంటోంది. ఆర్పగానే పచ్చ గుర్తు పడుతోంది. కిటికీ పక్కకి వచ్చి పేరడిగింది. లీడరమ్మ కత్తెర అసలు పేరే చెప్పింది. పిల్ల కళ్ళు ఆర్పింది. ఎర్ర గుర్తు పడింది.

"ఈ మొహం ఈ పేరుకి కుదరట్లేదంటోంది," అంది ఫోనమ్మాయి నుదురు తుడుచుకుంటూ. ఆమెకి విషయం అర్థమైంది. అర్థమైనట్టు కనపడే తీరిక లేదు. "అమ్మాయి పేరే పెట్టేస్తున్నా. లేకపోతే ముందుకి పోదు."

"మరి ఆవిడ పేరు?"

"పదకొండు పట్టవమ్మా. ఇది పెడితే అది పోతుంది. తర్వాత మార్చుకోవచ్చు."

"మార్చుకోవచ్చా?"

"మార్చుకోవచ్చు, మార్చుకోవచ్చు."

పచ్చ గుర్తు పడింది. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. పదో మిషన్ పోకుండా కాపాడానని లీడరమ్మ ఆ సాయంత్రం గది తాళం వేసేటప్పుడు గట్టిగా ఊపిరి వదిలింది.

*

కొత్త మిషన్ వాడకుండా ఉంచితే బిగుసుకుపోతుందని మర్నాడు ఎవరో అన్నారు. నాలుగు రోజులు నడపమని లీడరమ్మ కూతుర్నే కూర్చోబెట్టింది.

మొదటి రోజు పిల్ల పాత గుడ్డ పీలికల మీద గీత కుట్టింది. కాలు మీట మీద పడగానే మిషన్ ఉరికేది. పిల్ల ఉలిక్కిపడి చేతులు రెండూ పైకెత్తేసేది. దారం తెగేది. సూదిలోకి మళ్ళీ ఎక్కించడానికి దారం కొసని పెదాలతో తడుపుతూ, ఒక కన్ను మూసి, నాలుక బయటపెట్టేది. సాయంత్రానికి గీత తిన్నగా వచ్చింది. రెండో రోజు జేబులు. జేబు మూలల్లో సూదిని గుడ్డలోనే ఆపి, గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి, గుడ్డ తిప్పి, పాదం దించడం ఎవరూ చెప్పకుండానే పట్టుకుంది.

"ఇది ఎక్కడ నేర్చావే?" అంది లీడరమ్మ.

"పిన్ని చేస్తుంటే చూశా."

ఆ మాట లీడరమ్మకి గుచ్చుకుంది. కానీ పిల్ల మొహం చూసి ఏమీ అనలేకపోయింది. ఆ మొహంలో వెలుగుంది. ఆ రోజు పిల్ల ఇంటికొచ్చి అడిగి మరీ రెండోసారి పెట్టించుకుని తింది. జేబు మూల ఎలా తిప్పాలో తండ్రికి చేతులతో చూపించింది. తండ్రి తినడం ఆపి ఆ చేతులకేసి చూస్తూ కూర్చున్నాడు.

పిల్ల లోపలికి పోయాక గొంతు తగ్గించి అన్నాడు. "ఇన్నాళ్ళకి మనుషుల్లో పడింది. దాన్ని ఇప్పుడు లేపకు."

"అది చిన్నదాని మిషనండీ."

"చిన్నదానికి చేతిలో పనుంది. ఎక్కడైనా బతుకుతుంది. దీనికేముంది?"

లీడరమ్మ కంచాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. అక్కడే ఫోన్ మోగింది.

"అక్కా! సిగ్నల్ కోసం గుట్టెక్కాను. ఎగఊపిరొస్తోంది, నవ్వకు." కత్తెర గొంతు గాలికి ముక్కలు ముక్కలుగా వస్తోంది. "ఇక్కడి వాళ్ళకి కత్తెర పట్టడమే రాదక్కా. రెండు వేళ్ళతో పట్టుకుంటారు, గోళ్ళు తీసుకుంటున్నట్టు. ఇప్పుడు ఆరు మడతల దాకా కోస్తున్నారు. వీళ్ళ మేడం నన్ను ఏడాది ఉండిపొమ్మంటోంది. గది ఇస్తారట, కటింగ్ సెంటర్ పెడతారట."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? కుదరదన్నా. మా ఊళ్ళో పదిమందిలో నాకొక చోటుంది, నా మిషన్ వస్తోంది, వెళ్ళి కూర్చోవాలన్నా. సరేగానీ, మిషన్ల సంగతేమైనా తెలిసిందా?"

కంచాల మీద నీళ్ళు ధారగా పడుతున్నాయి. లీడరమ్మ కుళాయి కట్టేసింది. కట్టేశాక నిశ్శబ్దం మరీ ఎక్కువైంది. మళ్ళీ తిప్పింది.

"ఇంకా... ఏం లేదే. నువ్వు చలికి జాగ్రత్త."

"తువ్వాలు రెండోదీ వాడుతున్నాలే," అని నవ్వింది కత్తెర. ఫోన్ తెగిపోయింది.

*

పై అధికారి వచ్చేలోగా అన్నీ సరిచూడాలని నాలుగో రోజు పొద్దున్నే తనిఖీ సారు వచ్చాడు. నెరిసిన తల, చేతిలో కాగితాల అట్ట. మర్యాదగా మాట్లాడే మనిషి. ప్రతి మిషన్ దగ్గరా ఆగి, నంబరు చూసుకుని, కూర్చున్నావిడ పేరు చదువుతున్నాడు. ఉన్నానండీ, ఉన్నానండీ అంటున్నారు. కిటికీ పక్కన పిల్ల పేరు చదివాడు. పిల్ల తల్లికేసి చూసింది.

"ఉన్నానండీ," అంది.

పక్కన నిలబడ్డ ఫోనమ్మాయి ఫోన్లోకి చూస్తోంది. ఫోన్ తెర ఆరిపోయి ఉంది.

సారు అట్ట మూసి గది మధ్యకి వచ్చాడు. "అమ్మా, ఒక మాట. చాలాచోట్ల ఒకరి బదులు ఒకరు కూర్చుంటున్నారు. మీ దగ్గర అలాంటిదుంటే ఇప్పుడే చెప్పండి, తప్పేం లేదు. ఆ మిషన్ ఇవాళ తీసుకెళ్తాం, అసలావిడ పేరు మళ్ళీ ఎక్కిస్తాం, వచ్చే ఏడు మిషన్ ఆవిడకొస్తుంది. ఇవాళ దాటితే మాత్రం ఈ పేర్లే ఖాయం. లీడరు ఎవరు?"

లీడరమ్మ లేచి నిలబడింది.

చెప్పాల్సిన మాట చిన్నదే. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు కిటికీ వైపు చూసింది. పిల్ల మిషన్ మీదకి వంగి కూర్చుంది. ముందు ఒక తెల్ల చొక్కా ఉంది. అది పిల్ల కుట్టిన మొదటి చొక్కా. కాలరు ఒక పక్క కొంచెం లేచింది. దాన్ని బొటనవేలితో నొక్కి, చదును చేసి, వదిలితే మళ్ళీ లేస్తోంది. మళ్ళీ నొక్కుతోంది. తల ఎత్తడం లేదు. మెడ వెనక చెమట పట్టి జుట్టు అంటుకుపోయింది. ఆ మిషన్ని ఇద్దరు మనుషులు ఎత్తి గుమ్మం దాటిస్తుంటే ఆ పిల్ల ఎక్కడ నిలబడుతుంది? చేతులెక్కడ పెట్టుకుంటుంది?

గదిలో మిగతా ఎనిమిదిమందీ ఉన్నారు. ఎవరూ కనీసం దగ్గనైనా లేదు. పాత ఫోటోల సంగతి బయటపడితే అందరి మిషన్లూ కదులుతాయేమోనని ఒక్కొక్కరికి ఒక్కో భయం.

"అన్నీ సరిగానే ఉన్నాయి సార్," అంది లీడరమ్మ. గొంతు వణకలేదు. అందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

సారు సంతకం చూపించాడు. ఆమె పెట్టింది. అక్షరాలు కూడా ఎప్పటికన్నా గుండ్రంగా వచ్చాయి.

జీపు వెళ్ళిపోయాక మిషన్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి. గుండీలామె నోట్లో దారం పెట్టుకుని పళ్ళతో తెంపింది.

"నేను ఫోటోకి కూర్చోబెట్టమన్నా లీడరమ్మా," అంది, తలెత్తకుండా. "కాపురానికి కాదు."

ఎవరూ నవ్వలేదు. పిల్ల కాలు మీట మీద ఆగిపోయింది. లీడరమ్మ కోసిన గుడ్డల కట్ట విప్పి, చొక్కా చేతులు ఒక కుప్ప, వీపులు ఒక కుప్ప వేయడం మొదలుపెట్టింది. కత్తెర వెళ్ళేముందు కోసిపెట్టిన గుడ్డ ఆ ముందు రోజే అయిపోయింది. ఇది మిగతావాళ్ళు కోసింది. అంచులు ఒకదానితో ఒకటి కలవడం లేదు.

*

చెప్పేయాలని లీడరమ్మ మర్నాడు మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ అందుబాటులో లేదు. మూడుసార్లూ ఆమెకి లోలోపల ఎక్కడో ప్రాణం కుదుటపడింది. అందుకు తన మీద తనకే అసహ్యమేసింది. సాయంత్రం ఎండ ఇంకా గోడ మీద ఉండగానే కత్తెరే చేసింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"ఏముందే, కూర్చున్నా. నీ గొంతు అలా ఉందేం? జలుబు చేసిందా?"

"లేదు." అంది కత్తెర. "ఇవాళ ఇక్కడొక తమాషా జరిగిందక్కా. నేర్పేవాళ్ళ పేర్లు సరిచూస్తున్నారు. ఫోన్లో నా పేరు కొట్టి చూశారు. మా సంఘంలో ఆ పేరు లేదంట. అమ్మా, మీరసలు ఏ సంఘం అని అడిగాడు ఆ ఫోన్ పట్టుకున్న అబ్బాయి. అందరి ముందూ."

లీడరమ్మ గోడకి ఆనుకుంది.

"నేనే నచ్చజెప్పా," అంది కత్తెర. "ఏదో పొరపాటు బాబూ, మా అక్కే లీడరు, నా పేరెక్కడికి పోతుందన్నా."

"చిన్నదానా..."

"నేను చెప్పింది సరేనా అక్కా?"

అప్పుడు లీడరమ్మ చెప్పింది. లారీ ముందే రావడం, హారన్, పిల్ల ఫ్లాస్కు తేవడం, ఎర్ర గుర్తు, పచ్చ గుర్తు. నిన్న సారు అడగడం. అక్కడిదాకా వచ్చి, ఆగి, దాన్ని కూడా చెప్పింది. సారు అడిగాడనీ, తను లేచి నిలబడిందనీ, ఏమందో కూడా. ఒక్క ముక్క కూడా దాచలేదు. మధ్యలో కత్తెర ఒక్కసారైనా అరిస్తే బాగుండునని చూసింది. తిట్టినా బాగుండును. అటువైపు నుంచి ఊపిరి మాత్రం వినపడింది, గుట్టెక్కిన మనిషి ఊపిరి.

"ఉన్నావా?" అంది లీడరమ్మ.

"వింటున్నా."

"నువ్వు రావే. వచ్చాక ఏదో ఒకటి చేద్దాం. ఇద్దరూ ఒకే మిషన్ మీద... పొద్దున అది, మధ్యాహ్నం నువ్వు..."

"వంతులా?" అంది కత్తెర. ఆ మాటలో కోపం లేదు. అలసట ఉంది.

లీడరమ్మ ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"పిల్ల ఎలా కుడుతోంది?" అని అడిగింది కత్తెర.

"జేబులు బాగా వస్తున్నాయి. కాలరు దగ్గరే..."

"లేస్తోందా?"

"ఒక పక్క."

"కుట్టి తిరగేసే ముందు మూల దగ్గర గుడ్డ ఎక్కువ ఉంచేస్తోంది. కత్తిరించమను, కుట్టుకి గోరంత దూరం ఉంచి. భయపడొద్దను. దాని చెయ్యి మంచిదక్కా, చిన్నప్పుడే చూశా నేను." అంది కత్తెర. "దాన్నేమీ అనకు. దానికేం తెలుసు?"

"మరి నన్ను?"

అటువైపు ఎవరో ఆడపిల్లలు పిలుస్తున్నారు. టీచరమ్మా, టీచరమ్మా అని రెండు మూడు గొంతులు, ఒకదాని మీద ఒకటి.

"వస్తున్నా ఉండండే!" అని వాళ్ళకి చెప్పింది కత్తెర. తర్వాత ఫోన్లోకి, "వేళయిందక్కా. చీకటి పడితే గుట్ట దిగడం కష్టం. పెట్టేస్తున్నా," అంది.

లీడరమ్మ ఆ తర్వాత వారం రోజులు ఫోన్ చేసింది. ఒక్కోసారి మోగింది, ఒక్కోసారి మోగలేదు. తర్వాత ఆ నంబరే వాడకంలో లేదన్నారు. కొండ ఊళ్ళలో కటింగ్ సెంటర్ పెట్టారనీ, ఒకావిడ గీత గీయకుండా పన్నెండు మడతలు కోస్తుందనీ ఫోనమ్మాయి ఒకసారి చెప్పింది. ఆమె ఎవరని లీడరమ్మ అడగలేదు.

నలభై ఐదు రోజుల లెక్కన కత్తెర తిరిగి రావలసింది పదిహేడో తారీఖున. ఆ రోజు రాలేదు. తర్వాత ఇరవై రెండేళ్ళలో ఏ రోజూ రాలేదు.